నీళ్లు బాగుంటే చేప బాగున్నట్టేనా?

ప్రశ్న: మావారికి సెలవు దొరికితే చాలు, గాలం పట్టుకుని చెరువుకి వెళ్తారు. ఆ నీళ్లు పరీక్ష చేయిస్తే పాదరసం లేదని రిపోర్టు వచ్చింది. గట్టున మాత్రం పెద్ద చేపలు తినొద్దని బోర్డు ఉంది. నాకిప్పుడు మూడో నెల. దేన్ని నమ్మాలి?

జవాబు: బోర్డునే నమ్మండమ్మా. నీళ్ల రిపోర్టు అబద్ధమని కాదు, అది చేప సంగతి చెప్పదు, అంతే. నీటిలో పాదరసం యంత్రానికి అందీ అందనంత ఉన్నా అడుగు బురదలోని బ్యాక్టీరియా దాన్ని ఒంట్లో తేలిగ్గా పేరుకునే మిథైల్ మెర్క్యురీ అనే రూపంలోకి మారుస్తుంది, అది నాచులోకి, నాచు తినే పురుగుల్లోకి, వాటిని తినే చిన్న చేపల్లోకి పాకి, ఆ చిన్న చేపల్ని ఏళ్ల తరబడి మింగుతూ బతికిన పెద్ద చేపలోకి చేరేసరికి చుట్టూ ఉన్న నీటికంటే లక్షల రెట్లు పేరుకుంటుంది. అందుకే తనిఖీ చేసేవాళ్లు చేపనే కోసి చూస్తారు. ఒకే జాతివి, ఇంచుమించు ఒకే సైజువి కొన్ని పట్టి, పొడవూ బరువూ రాసుకుని, పొలుసు మీది వలయాల్ని బట్టి వయసు అంచనా కట్టి, మనం తినే కండని మెత్తగా రుబ్బి ల్యాబ్‌లో పరీక్షిస్తారు.

ఇక ఎంత తినొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో పెట్టిన హద్దు ప్రకారం వారానికి మన బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ మించకూడదు. కడుపులో బిడ్డ మెదడును దృష్టిలో పెట్టుకునే ఈ హద్దు పెట్టారు. మీరు 60 కిలోలు ఉంటారనుకుంటే వారానికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 0.5 మిల్లీగ్రాములున్న పెద్ద చేపైతే 190 గ్రాములకే ఆ వారం కోటా అయిపోతుంది, 0.1 ఉన్న చేపైతే 960 గ్రాముల దాకా వస్తుంది. చూశారా, చేప మారితే లెక్క ఎంత మారిందో! అలాగని అసలు మానేయకండి, బిడ్డకు చేపలో ఉండే ఒమేగా-3 అనే మంచి కొవ్వు కూడా కావాలి. నాచు తినే చేపలు, ఇంకా పెద్దవి కాని చిన్న చేపలు తినండి, మావారు తెచ్చారు కదా అని పెద్దదాని జోలికి పోకండి. ఇదివరకు తిన్నదానికి ఇప్పుడు టెన్షన్ పడి లాభం లేదు, ఒంట్లో చేరింది సుమారు 50 రోజులకు సగానికి తగ్గుతుంది. తరచుగా తిని ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: తోలు, కొవ్వు తీసేసి బాగా వేయిస్తే విషం పోతుందంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పీసీబీలు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు కొవ్వులో ఉంటాయి కాబట్టి తోలు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేసి, కారిన నూనె పారబోస్తే కొంత తగ్గుతాయి. పాదరసం అలా కాదు, కండలోని ప్రొటీన్‌నే పట్టుకుని కూర్చుంటుంది, ఎంత వేయించినా పోదు. పైగా నీరు ఇగిరిపోయి ముక్క బరువు తగ్గుతుంది కాబట్టి గ్రాముకు లెక్కేస్తే ఇంకాస్త ఎక్కువే కనిపిస్తుంది. కాలేయం, పేగులు మాత్రం పారేయండి. కాడ్మియం అనే విషలోహం, నీటి మీద పచ్చగా పేరుకున్న నాచు నుంచి వచ్చే విషాలు ఎక్కువగా చేరేది లోపలి అవయవాల్లోనే, ఆ నాచు విషం ఉడికించినా చావదు.

ప్రశ్న: కొత్త రిజర్వాయర్ కట్టారు, చుట్టుపక్కల ఒక్క ఫ్యాక్టరీ లేదు. ఇక్కడి చేపలకు పరీక్షలెందుకు?

జవాబు: కొత్తది కాబట్టే. మునిగిన మట్టి, చెట్టూ చేమా కుళ్లుతుంటే పైన చెప్పిన బ్యాక్టీరియాకు పండగే, మట్టిలో ముందే ఉన్న పాదరసాన్ని అది మిథైల్ మెర్క్యురీగా మార్చేస్తుంది. చేపల్లో పాదరసం కొన్నేళ్లపాటు పెరిగి, మామూలు స్థాయికి దిగడానికి రెండు మూడు దశాబ్దాలు కూడా పట్టొచ్చు. బొగ్గు మండించినప్పుడు గాల్లో కలిసిన పాదరసం ఎక్కడో దూరాన వానతో పడుతుంది, అది మరో దారి. ఎవరైనా రిపోర్టు చూపిస్తే అందులో ఏ జాతి, ఎంత పొడవు, ఏ సంవత్సరం అన్నవి ఉన్నాయో లేదో చూడండి. ‘చేపలు సురక్షితం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.