మోడెం కొన్న అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం (ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ వాడిన రోజుల నాటిది)

విజయనగరం

బుజ్జీ,

ఆశీస్సులు. కళింగపట్నంలో ఇంట్లోనే ఉండి థీసిస్ పూర్తి చేస్తానని, కంప్యూటర్‌ని ఫోన్ లైన్‌కి కలిపే మోడెం కొన్నా యూనివర్సిటీకి కనెక్ట్ కావడం లేదని రాశావు. కాలేజీ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వీటితో వేగినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కంప్యూటర్ సెట్టింగులు మార్చడం ఆపి, ముందు ఫోన్ లైన్ సంగతి చూడు.

రిసీవర్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కు. డయల్ టోన్ ఆగిపోతుంది. అప్పుడు చెవి పెట్టి విను. గరగరమని గానీ బుర్రుమని గానీ మోత ఉంటే నీ కష్టాలకి మూలం అదే. మాట్లాడేటప్పుడు మనం సర్దుకుని వింటాం. మోడెం అలా సర్దుకోలేదు, వేగం తగ్గించుకుంటుంది, లేదంటే లైన్ వదిలేస్తుంది. మీ ఊళ్ళో ఉప్పుగాలికి స్తంభం మీద రాగితీగ జాయింట్లు చిలుం పడతాయి. వాన పడ్డాక మోత పెరిగిందంటే జాయింట్‌నే అనుమానించు. టెలిఫోన్ వాళ్ళ 198 నంబర్‌కి కంప్లయింట్ ఇవ్వు. లైన్‌మన్ వచ్చాక "ఇంటర్నెట్ రావట్లేదు" అనకు, అది తన పని కాదంటాడు. "లైన్‌లో మోత ఉంది" అని చెప్పి, రిసీవర్ అతని చెవికే పెట్టు.

అదే లైన్ మీద హాల్లో ఉన్న రెండో ఫోన్, ఆ పారలల్ ఫోన్ తీసేయించు. నువ్వు లైన్‌లో ఉన్నప్పుడు ఎవరైనా దాన్ని ఎత్తితే కనెక్షన్ పోతుంది. నీకు డయల్ టోన్ వినిపిస్తున్నా మోడెం టోన్ లేదంటుంటే, మోడెం సెట్టింగుల్లో "డయల్ టోన్ వచ్చేదాకా ఆగు" అన్న టిక్ తీసేయ్. 56కె, అంటే సెకనుకి 56 కిలోబిట్ల వేగం అని డబ్బా మీద రాశారు కదా, అంత రావట్లేదని బెంగపెట్టుకోకు. అవతలి వైపు డిజిటల్ లైన్ ఉంటేనే ఆ వేగానికి అవకాశం, అదీ దించుకునేటప్పుడే. 33.6 వస్తే మంచి లైనే. ఆ వేగంతో ఒక మెగాబైట్‌కి నాలుగైదు నిమిషాలు పడుతుంది.

ఇక ఖర్చు. హైదరాబాద్‌లో మీ యూనివర్సిటీ మోడెం నంబర్‌కి నేరుగా ఎస్‌టిడి (దూరపు ఊరి కాల్) చేస్తున్నానన్నావు. మీ నాన్న బిల్లు చూసి ఏమీ అనడు, నాకు తెలుసు, అందుకే నేను చెబుతున్నాను. నేరుగా చేస్తే ఒక లాభం ఉంది. నీ కంప్యూటర్‌కి యూనివర్సిటీ నెట్‌వర్క్ అడ్రస్ వస్తుంది, లైబ్రరీ కొన్న జర్నల్స్ తెరుచుకుంటాయి. బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ళ ఇంటర్నెట్ సర్వీస్ సంచార్‌నెట్‌లో అకౌంట్ తీసుకుని 172222కి చేస్తే లోకల్ కాల్ ఖర్చే, కానీ ఆ అడ్రస్ బయటిది, జర్నల్స్ వాళ్ళు లోపలికి రానివ్వరు.

దీనికి దారి ఉంది. లోకల్‌గా కనెక్ట్ అయ్యి, అక్కడినుంచి యూనివర్సిటీలో నీకు అకౌంట్ ఉన్న యూనిక్స్ మెషిన్ (చాలామంది ఒకేసారి వాడుకునే పెద్ద కంప్యూటర్) లోకి లాగిన్ అవ్వు. ఎస్‌ఎస్‌హెచ్, టెల్నెట్ రెండూ అలా దూరంనుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాములే. ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే అదే వాడు, టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఎవరైనా చదవగలిగేలా వెళ్తుంది. ఆ మెషిన్‌లో లింక్స్ అనే అక్షరాల బ్రౌజర్ ఉందేమో చూడు. దానితో జర్నల్ తెరిస్తే అడిగేది యూనివర్సిటీ మెషిన్ కాబట్టి చాలావరకు తలుపు తీస్తారు. పేపర్‌ని అక్కడే సేవ్ చేసి, తర్వాత ఫైళ్ళు పంపుకునే ఎఫ్‌టిపితో ఇంటికి దించుకో. మధ్యలో లైన్ తెగితే ఆగిన చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టగలిగే ఎఫ్‌టిపి ప్రోగ్రాం వెతుక్కో. మన కరెంటు సంగతి నీకు తెలుసు కదా.

బొమ్మలతో నిండిన పేజీలకి మాత్రం లింక్స్ పనికిరాదు. వాటికి రాత్రి ఎస్‌టిడి రేటు తగ్గాక నేరుగా చెయ్యి. ఏం కావాలో ముందే కాగితం మీద రాసుకుని కూర్చో, లైన్‌లో ఉండి ఆలోచించకు. దించుకున్నవి లైన్ కట్ చేశాక చదువు. మెయిల్ జవాబులు కూడా ముందే టైప్ చేసి పెట్టుకో.

మబ్బు కమ్ముతోందా, ఉరుములు మొదలవకముందే చేతిలో పని ఆపి కరెంటు వైరూ, ఫోన్ వైరూ రెండూ పీకెయ్. ఉరుములు మొదలయ్యాక ఆ వైర్లు ముట్టుకోకు. స్విచ్ ఆపితే చాలదు, పిడుగు పడితే ఫోన్ తీగ వెంట వచ్చి మోడెంని కాల్చేస్తుంది. దాంతో పాటు కంప్యూటర్ కూడా పోవచ్చు, అందులో నీ థీసిస్ ఉంది. ఫ్లాపీల్లో కాపీ తీసి వేరే గదిలో పెట్టు.

సముద్రం ఒడ్డున ఉన్నావని లైబ్రరీ నీకు దూరం కాకూడదు, బుజ్జీ. మన జిల్లాల పిల్లలు ఇంట్లో కూర్చుని అంత పెద్ద లైబ్రరీ తెరవగలగడం నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. మోడెం స్పీకర్ ఆపకుండా విని, ఎక్కడ ఆగిందో కూడా రాయి. అసలు డయల్ చెయ్యలేదా, అవతల ఎత్తాక ఆ కీచు శబ్దాల మధ్య తెగిపోయిందా, పాస్‌వర్డ్ దగ్గర ఆగిందా? పాస్‌వర్డ్ దగ్గరైతే, నాకు రాసేముందు క్యాప్స్ లాక్ ఒకసారి చూసుకో.

మీ పెద్దమ్మ