డీపీకేజీ స్టేటస్ ఫైల్ పాడైతే ఫార్మాట్ చేయాల్సిందేనా?

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయింది, అప్పట్నుంచి ఉబుంటులో ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా స్టేటస్ ఫైల్‌లో ఫలానా లైన్ దగ్గర పార్సింగ్ ఎర్రర్ (అక్కడ రాసింది అర్థం కాలేదని) అంటోంది, ఫార్మాట్ చేసేయనా అని అడిగారు. వద్దండీ. బ్యాటరీ పోయిన పాత లాప్‌టాప్ మీద నాకూ అచ్చం ఇదే జరిగింది.

డీపీకేజీ అంటే ఉబుంటులో ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్‌లను, పెట్టే, తీసే ప్రోగ్రామ్. దాని డేటాబేస్ అని పేరే గానీ, /వార్/లిబ్/డీపీకేజీలో ఉండే స్టేటస్ మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో, ఏ స్థితిలో ఉందో రాసుకున్న చిట్టా. ఎర్రర్ చెప్పిన లైన్‌ని 'లెస్' (ఫైల్ చదివే కమాండ్)లో తెరిచి చూస్తే, ప్యాకేజీ పేరు ఉండాల్సిన చోట ^@^@^@^@ అని వరసగా కనిపించింది. డేటా డిస్క్‌కి చేరేలోపే కరెంటు పోతే ఇలా సున్నా బైట్లు మిగులుతుంటాయి.

నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకండి. ఆ ఫైల్ తీసేసి ఖాళీది పెట్టాను. ఎర్రర్ పోయిందని సంబరపడేలోపు, చిన్న టూల్ ఒకటి అడిగితే ఏపీటీ (ప్యాకేజీలు తెచ్చి డీపీకేజీతో పెట్టించే ప్రోగ్రామ్) దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లకీ ఆధారమైన లిబ్‌సీతో సహా, ఇవన్నీ ఇన్‌స్టాల్ చేయాలంటూ పెద్ద జాబితా చదివింది. చిట్టా ఖాళీ అయితే దాని లెక్కలో మెషీన్‌లో ఏమీ లేనట్టే మరి.

ముందు ఆ డీపీకేజీ ఫోల్డర్ మొత్తం వేరేచోటికి కాపీ చేసుకోండి. డిస్క్ నిండిపోలేదు కదా అని 'డీఎఫ్'తో చూడండి. పక్కనే 'స్టేటస్-ఓల్డ్' ఉంటుంది, అది చివరి మార్పుకి ముందరి కాపీ. అదీ పాడైతే /వార్/బ్యాకప్స్‌లో 'డీపీకేజీ.స్టేటస్.0', ఇంకా పాతవి జీజిప్ చేసి (కుదించి) ఉంటాయి. బాగున్నదాన్ని స్టేటస్ పేరుతో కాపీ చేస్తే ఏపీటీ మళ్లీ మాట్లాడుతుంది.

అయితే అది పాత చిట్టా. ఆ తేదీ తర్వాత ఏం పెట్టారో, ఏం తీశారో అందులో ఉండదు. /వార్/లాగ్‌లోని 'డీపీకేజీ.లాగ్' తేదీలతో సహా చెబుతుంది. అప్పుడు కొత్తగా పెట్టినవి, అప్‌గ్రేడ్ అయినవి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. నాకు ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. తర్వాత సగంలో ఆగినవి పూర్తి చేయడానికి 'డీపీకేజీ --కన్ఫిగర్ -ఎ', లోటుపాట్లు సరిచేయడానికి 'ఏపీటీ ఇన్‌స్టాల్ -ఎఫ్', చివర్లో తనిఖీకి 'డీపీకేజీ --ఆడిట్' కొట్టండి. ఆడిట్ ఏమీ అనకపోతే టెన్షన్ అక్కర్లేదు.

ఫలానా ప్యాకేజీ ఫైళ్ల జాబితాలో చివరి న్యూలైన్ లేదని వస్తే, 'ఇన్ఫో' ఫోల్డర్‌లో దాని '.లిస్ట్' ఫైల్ ఒక్కటే తీసేసి, ఆ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయండి. నాకు రెండిటికి వచ్చింది.

స్టేటస్-ఓల్డ్ పెట్టాక కూడా అదే ఎర్రర్ వస్తే, ఆ లైన్‌కి పైనా కిందా ఐదేసి లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.