యుద్ధంలో జబ్బుల లెక్క ఎవరు రాస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. గాజాలో పోలియో వచ్చిందని 2024లో పేపర్లో చూశాం. ఆస్పత్రులే కూలిపోయిన చోట ఏ జబ్బు ఎక్కడుందో ఎట్లా కనుక్కుంటారు సార్? ఆ లెక్కల్ని నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: చిత్తూరు జిల్లాలో జబ్బుల లెక్క పంపే ఫారాలు సరిచూసే పని చేసినవాణ్ణి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతానమ్మా. లక్షణాలు చూసి ఏఎన్ఎం ‘ఎస్’ ఫారం, రోగిని పరీక్షించి డాక్టరు ‘పి’ ఫారం, టెస్టు చేసి ల్యాబు ‘ఎల్’ ఫారం నింపుతారు. 2004లో జబ్బులపై నిఘా పెట్టే కేంద్ర పథకం ఐడీఎస్పీ వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. 2021 నుంచి ఆన్‌లైన్‌లోకి మారింది. కేసుల్లేకున్నా సున్నా వేసి పంపాలి. పలమనేరు వైపు ఒకరిద్దరు అసలు పంపేవాళ్లే కాదు. ఫోన్ చేస్తే, “ఏమీ లేవు కద సార్, ఇంకేం పంపేది?” అనేవాళ్లు!

మనకు ఫోనైనా ఉంది. యుద్ధంలో ఫారం రాలేదంటే సెంటరు మూతపడిందో, నర్సే ఊరొదిలి వెళ్లిందో తెలీదు. అందుకే డబ్ల్యూహెచ్ఓ ముందస్తు హెచ్చరిక పద్ధతిలోనూ సున్నా పంపడం తప్పనిసరి. కేసులు తగ్గాయంటే, ఎన్ని సెంటర్ల నుంచి రిపోర్టు వచ్చిందని నేను ముందు అడుగుతాను.

ల్యాబు లేనిచోట లక్షణాలే ఆధారం. జ్వరంతో ఒళ్లంతా దద్దురు లేస్తే తట్టు అనుమానం. రెండేళ్లు, ఆపై వయసు మనిషికి నీళ్ల విరేచనాలతో ఒంట్లో నీరు బాగా ఇంకిపోయినా, చనిపోయినా కలరా అనుమానం. పదిహేనేళ్లలోపు బిడ్డకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే పోలియో అనుమానం, ఒక్క కేసైనా వెంటనే కబురు పంపాలి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలోది. అయినా చిత్తూరులో అట్లాంటి బిడ్డ కనబడితే ఇప్పటికీ 24 గంటల తేడాతో రెండుసార్లు మలం తీసి, ఐస్‌లో పెట్టి ల్యాబుకు పంపుతారు. చచ్చుబడ్డ 14 రోజుల్లోపే తీయాలి. కరెంటు లేని ఊళ్లో ఆ ఐస్ ఎక్కడ తెచ్చేది? అసలు చిక్కు అక్కడుంది.

గాజాలో పోలియోను బిడ్డకన్నా ముందు మురుగునీరు బయటపెట్టింది. 2024 జూన్‌లో ఖాన్ యూనిస్, దేర్ అల్ బలాల్లో తీసిన మురుగులో టైప్ 2 పోలియో వైరస్ దొరికింది. తర్వాత పది నెలల బిడ్డకు కాలు పడిపోయింది. అది పోలియోనేనని ఆగస్టులో జోర్డాన్ ల్యాబు తేల్చింది. సెప్టెంబరు 1 నుంచి కాల్పులకు విరామాలిచ్చి చుక్కలు వేశారు.

ఇక నమ్మకం సంగతి. యెమెన్‌లో 2017లో పది లక్షలు దాటాయన్నవి అనుమానిత కలరా కేసులు. అన్నింటికీ ల్యాబు పరీక్ష జరగలేదు. వెయ్యి మందికి ఎందరని లెక్కకట్టాలన్నా జనం వలసపోతుంటే ఆ వెయ్యి మంది ఎక్కడున్నారో తెలీదు. అందుకే మొత్తం అంకెను నేను పెద్దగా పట్టించుకోను. ఒకే సెంటరులో పోయిన వారం, ఈ వారం ఎట్లా మారిందో చూడమని మీ అమ్మాయికి చెప్పండి.