సన్నని అక్షరానికి చోటివ్వు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన పెళ్లి కార్డు డిజైన్ రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. వధూవరుల ఇంగ్లీషు పేర్లకు ఎంచుకున్న ఆ లైట్ ఫ్లేర్డ్ సెరిఫ్, అంటే కొసలు విచ్చుకునే సన్నని ఫాంట్, నాకు చాలా నచ్చింది. ఫాంట్ మార్చమని రాయడం లేదు, ఎక్కడ వాడాలో చెబుదామని రాస్తున్నాను.

అందులో ఒక్క ఇంగ్లీషు 'I' అక్షరాన్ని స్క్రీన్ నిండా పెద్దది చేసి చూడు. మామూలు సెరిఫ్‌లా కొసన అడ్డంగా పాదం ఉండదు. గీత నడుమ సన్నగా ఉండి, రెండు చివర్లా మెల్లగా వెడల్పవుతుంది, సాగదీసిన డమరుకంలాగా. రాతి చెక్కడాల్లో కనిపించే పోకడ ఇది. జర్మన్ ఫాంట్ డిజైనర్ హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంటా క్రోచే చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు చూసి, దగ్గర కాగితం లేక వెయ్యి లీరాల నోటు మీదే గీసుకున్నాడు. అదే 1958లో ఆప్టిమా అనే ఫాంట్‌గా వచ్చింది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం నల్లరాయి మీద 58 వేలకు పైగా పేర్లు ఆ ఫాంట్‌లోనే చెక్కారు.

ఆ కొసల వెడల్పే దాని ప్రాణం. లైట్‌లో అది వెంట్రుకవాసి. సైజు తగ్గిస్తే ముందు పోయేది అదే, ఇక మిగిలేది ఉత్త సన్నగీత. అందుకే పేర్లకు, షాపు బోర్డుకు, పుస్తకం అట్టకు వాడు. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రసు మాత్రం అందులో వద్దు. వాటిని తాతయ్యలు కళ్లద్దాలు లేకుండా చదవాలి.

నీ కార్డు మెరూన్ రంగు, అక్షరం తెల్లగా వదిలావు. నా టెన్షన్ అంతా అక్కడే. చుట్టూ ఉన్న ఇంకు అక్షరంలోకి పాకుతుంది, సన్నగీత ఇంకా సన్నబడుతుంది. ప్రెస్ పెట్టిన కొత్తలో నేను ఇలాగే ఒక ఆర్డర్ చేశాను. పెళ్లికూతురి పేరులో సగం గీతలు పూడిపోయాయి. కార్డులన్నీ మళ్లీ కొట్టాం. ఆ తండ్రి ముఖం ఇప్పటికీ గుర్తుంది. తెల్లగా వదలాలంటే ఒక వెయిట్, అంటే గీత మందం ఒక మెట్టు, పెంచు. గోల్డ్ ఫాయిల్‌కీ అంతే. అక్షరాల మధ్య ఎడం కూడా కాస్త పెంచు, ఈ ఫాంట్‌కి గాలి కావాలి.

ఇంకొకటి, పక్కన నువ్వు పెట్టిన తెలుగు మరీ లావుగా ఉంది. ఇంగ్లీషు పేరు దాని పక్కన బిక్కచచ్చిపోయింది. నోటో సెరిఫ్ తెలుగులో లైట్ కూడా ఉంది, అది పెట్టి చూడు. వత్తులు కింది వరుసకు తగలకుండా లైన్ స్పేసింగ్ పెంచడం మర్చిపోకు.

స్క్రీన్ మీద చూసి ఓకే అనుకోకు. ఆదివారం ఫైలు తీసుకుని రా, ఛత్తా బజార్ వెళ్దాం. అదే అట్ట మీద, అదే మెరూన్ ఇంకుతో రెండు వెయిట్లలో ఒక్కో కార్డు కొట్టించి, బయట ఎండలో పట్టుకుని చూద్దాం.

మీ పెదనాన్న