పిన్‌బాల్ యంత్రం పై అద్దం పగిలితే ఎలాంటిది వేయించాలి?

ప్రశ్న: మా అన్నయ్య విదేశంలో ఉద్యోగం ముగించుకుని వస్తూ తెచ్చిన పిన్‌బాల్ యంత్రం (అద్దం కింద ఏటవాలు బల్ల మీద ఉక్కు బంతిని మీటలతో కొడుతూ ఆడే ఆట పెట్టె) మా ఇంటి హాల్లో ఉంది. బంతి ఇరుక్కుందని మా అబ్బాయి పై అద్దాన్ని బయటికి లాగి, యంత్రం పక్కనే టైల్స్ నేల మీద నిలబెట్టబోతే అది ఒక్కసారిగా పగిలిపోయింది. దేవుడి దయవల్ల వాడికి దెబ్బ తగలలేదు గాని, కొన్ని ముక్కలు యంత్రంలోకి కూడా చిందాయి. అంత సులువుగా పగిలిందంటే అది నాసిరకం అద్దమేనా? ఇక్కడి గ్లాసు షాపులో అడిగితే 5 ఎం.ఎం. ప్లెయిన్ గ్లాసు సాయంత్రానికల్లా కోసి ఇస్తామనీ, కావాలంటే పైన ఫిల్మ్ అంటిస్తామనీ అన్నారు. పక్కింటివారు అక్రిలిక్ షీటు వేయించమంటున్నారు. ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందుగా ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఆ యంత్రానికి ప్లెయిన్ గ్లాసు వేయించకండి. ఒక్క రోజు కోసమైనా, పైన ఫిల్మ్ అంటించినా సరే, వద్దు. ఆడేవారు ఆ అద్దం మీదికి వంగి నిలబడతారు, పిల్లలైతే మోచేతులు ఆనిస్తారు, ఉత్సాహంలో అరచేత్తో చరుస్తారు. కింద సుమారు 80 గ్రాముల బరువున్న ఉక్కు బంతి వేగంగా తిరుగుతూ, అప్పుడప్పుడు పైకి ఎగిరి అద్దాన్ని లోపలి నుంచి కొడుతుంది. అటువంటి చోట ప్లెయిన్ గ్లాసు పగిలితే పొడవైన, కత్తి వాదర వంటి ముక్కలు సరిగ్గా పిల్లల మణికట్ల కిందనే లేస్తాయి. ఫిల్మ్ ఆ ముక్కలను కొంతవరకు పట్టి ఉంచుతుందే తప్ప, అద్దానికి బలాన్ని ఇవ్వదు.

మీ పాత అద్దం నాసిరకం కాదు. అది ముక్కలైన తీరే అందుకు సాక్ష్యం. మీరు ఊడ్చి ఎత్తినవి కలకండ పలుకుల్లాంటి చిన్న ముక్కలే అయి ఉంటాయి. అలా పగిలేది టఫెన్డ్ గ్లాసు మాత్రమే, అబ్బాయికి గాయం కాకపోవడానికి కారణం కూడా అదే. ఈ అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాల్చి, రెండు వైపులా గాలిని బలంగా ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొరలు ముందు గట్టిపడి, లోపలి భాగం ఆ తరువాత చల్లారి కుంచించుకుంటూ వాటిని లోపలికి లాగుతుంది కనుక, ఉపరితలమంతా ఎప్పుడూ ఒత్తిడిలోను, లోపలి భాగం లాగుడులోను ఉంటాయి. అందుకే అది మామూలు అద్దం కంటే సుమారు నాలుగైదు రెట్లు ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది. అయితే ఆ బలమంతా వెడల్పాటి ముఖంలో ఉంది, అంచులోను మూలలోను లేదు. సుమారు ఏడు కిలోల బరువు గట్టి టైలు మీద ఒక్క మూలపై పడినప్పుడు, అక్కడ చిన్న గాటు లోపలి పొర దాకా చేరినా చాలు, అద్దమంతా ఒకేసారి విచ్చిపోతుంది. టైల్స్ నేల మీద పిన్‌బాల్ అద్దాన్ని నేరుగా నిలబెట్టకూడదని చెప్పేది ఇందువల్లనే. మన ఇళ్లలోని గ్రానైటు, నాపరాయి నేలలకు కూడా ఇదే వర్తిస్తుంది. అద్దం తీయవలసి వచ్చినప్పుడల్లా ముందే మంచం మీద దుప్పటి పరిచి ఉంచి, ఇద్దరు పట్టుకుని దాని మీద పడుకోబెట్టండి. నిలబెట్టక తప్పకపోతే శుభ్రంగా దులిపిన గోనెసంచిని నాలుగు మడతలు వేసి కింద పరవండి. జనపనార మిల్లులకు పేరుపడిన జిల్లాలో దానికి కొదవ ఉండదు.

ఇక పక్కింటివారి సలహా. అక్రిలిక్, పాలీకార్బొనేటు అనే ప్లాస్టిక్ షీట్లు అద్దంలా చిట్లవన్నది నిజమే, ముఖ్యంగా పాలీకార్బొనేటు దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది. కాని తుడిచిన ప్రతిసారీ వాటిపై సన్నని గీతలు పడతాయి, ధూళి అంటుకుంటుంది, అంత పొడవున అంచుల మీదే ఆనుకుని ఉండే షీటు నడుమ కిందికి వంగుతుంది. చాలా చిన్న పిల్లలున్న ఇంట్లో పాలీకార్బొనేటు వేయించుకుంటే నేను తప్పు పట్టను. మీ అబ్బాయి అద్దాన్ని తానే బయటికి లాగగలిగినంత పెద్దవాడు కనుక, మీ ఇంటికి టఫెన్డ్ గ్లాసే సరైనది. రెండు అద్దాల నడుమ ప్లాస్టిక్ పొర ఉండే ల్యామినేటెడ్ గ్లాసు పగిలినా ముక్కలు రాలవు గాని, టఫెన్ చేయని పలుచని అద్దాలతో చేసినదైతే బంతి దెబ్బకు సులువుగా బీట వారుతుంది.

కొలతల విషయంలో తొందర పడకండి, ఎందుకంటే టఫెన్డ్ గ్లాసును ఆ తరువాత కోయడం, రంధ్రం వేయడం, అంచు అరగదీయడం ఏవీ సాధ్యం కావు. కొంచెం పెద్దదిగా వస్తే షాపులో సరిచేస్తామని ఎవరైనా అంటే వారికి ఈ పని తెలియదని అర్థం. మామూలు వెడల్పు పిన్‌బాల్ యంత్రాలలో ఎక్కువ వాటికి అద్దం 21 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు, 3/16 అంగుళం మందం ఉంటుంది. అంటే సుమారు 533, 1092 మిల్లీమీటర్లు. మందం 4.76 మిల్లీమీటర్లు అవుతుంది కనుక మన దగ్గర దొరికే 5 ఎం.ఎం. అద్దం దానికి సరిపోతుంది. వెడల్పాటి రకం యంత్రాలలో కొలతలు కంపెనీని బట్టి మారుతాయి. అందువల్ల నేను చెప్పిన అంకెలు రాసి ఇవ్వకుండా, మీ యంత్రంలో అద్దం జారే ప్లాస్టిక్ గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగు దాకా పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువగా వచ్చిన కొలతలో రెండు మిల్లీమీటర్లు తగ్గించి ఇవ్వండి. గాడి పెళుసుబారి విరిగి ఉంటే ముందు దానిని మార్చండి. 4 ఎం.ఎం. అద్దం గాడిలో గలగలలాడుతుంది, 6 ఎం.ఎం. దూరదు.

షాపులో అడగవలసిన మాట ఇది: “5 ఎం.ఎం. క్లియర్ టఫెన్డ్, నాలుగు అంచులూ పాలిష్, మూలలు కొద్దిగా మొద్దు చేయాలి, కోత, పాలిష్ అన్నీ టఫెనింగుకు ముందే పూర్తి కావాలి.” ఊళ్లోని షాపు కొలతలు తీసుకుని, విశాఖపట్నం వంటి పెద్ద నగరంలోని ప్లాంటులో చేయించి తెప్పించవలసి ఉంటుంది కనుక కొన్ని రోజులు పడుతుంది. ఆగండి. ఆ రోజుల్లో యంత్రం మీద దుప్పటి కప్పి ఉంచితే సరిపోతుంది.

అద్దం వచ్చాక డబ్బు చెల్లించే ముందు మూలలో చెరగని ముద్ర ఉందో లేదో చూడండి. భద్రతా అద్దాలకు మన దేశంలో వర్తించే ప్రమాణం ఐ.ఎస్. 2553, ఆ సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు అద్దం మీదే ముద్రించి ఉండాలి. అంటించిన స్టిక్కరును లెక్కలోకి తీసుకోకండి. అనుమానం ఉంటే మరొక పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ తెరను పూర్తి తెల్లగా చేసి, దాని ముందు అద్దం పట్టించి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను మెల్లగా తిప్పుతూ చూడండి. టఫెన్డ్ గ్లాసులో నీడల వంటి మచ్చలు గాని చారలు గాని కనబడతాయి, ప్లెయిన్ గ్లాసులో అవి ఉండవు.

కొత్త అద్దం బిగించేలోగా లోపలి ముక్కలన్నీ తీసేయాలి. ప్లగ్గు పీకి, బంతులు బయటికి తీసి, ఆట బల్లను మెత్తటి బ్రష్షుతోను వాక్యూమ్ క్లీనరుతోను శుభ్రం చేయండి. గుడ్డతో తుడిస్తే ఆ ముక్కలే బల్ల మీది పాలిషును గీరేస్తాయి. బంతి కింద ఒక్క పలుకు మిగిలినా అది తిరిగిన దారంతా గీతలు పడతాయి కనుక, బంతి జారిపోయే పల్లాన్ని, బంతిని కొట్టే ఫ్లిప్పర్ల మొదళ్లను, చిన్న రంధ్రాలను టార్చి వేసి చూడండి. పైభాగం పూర్తయ్యాకే బల్లను పైకి ఎత్తి, పెట్టె అడుగున పడినవి తీయండి.

ప్రశ్న: మా పాత పిన్‌బాల్ యంత్రంలో ఎదురుగా నిలువుగా ఉండే బొమ్మల అద్దం మూలలో చిన్న బీట ఉంది, రంగు కూడా పొరలుగా రాలుతోంది. దానిని టఫెన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: చేయించలేరు. బొమ్మ ఆ అద్దం వెనుక ముఖం మీదే సిరాతో అచ్చు వేసి ఉంటుంది. కొలిమి వేడికి అది మాడిపోతుంది, బీట ఉన్న అద్దం కొలిమిలోనే పగులుతుంది. ఇది బంతి గాని చేతులు గాని తగలని చోట ఉంటుంది కనుక, బీట పెరగనంత కాలం ఉన్నదానిని కాపాడుకోవడమే మేలు. వెనుక వైపు తడిగుడ్డ గాని, అద్దాలు తుడిచే ద్రవం గాని, టేపు గాని తగలనివ్వకండి. లోపలి పాత బల్బుల వేడి, మన తీరపు తేమ కలిసి రంగును వదులు చేస్తాయి కనుక, వాటి స్థానంలో ఆ యంత్రానికి సరిపడే ఎల్.ఇ.డి. బల్బులు వేయించండి. రంగు ఇంకా రాలకముందే అద్దాన్ని ఎదురుగా నిలబడి స్పష్టంగా ఫొటో తీసి పెట్టుకోండి. రేపు బొమ్మను కొత్తగా అచ్చు వేయించవలసి వస్తే పనివారికి అదే ఆధారం.