లీడ్ క్లైంబింగ్‌లో పడతామన్న భయం ఎలా తగ్గుతుంది?

అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్లి లీడ్ (గోడ మీది క్లిప్‌లలో తాడు తగిలించుకుంటూ పైకెక్కే పద్ధతి) నేర్చుకుంటున్నానని, క్లిప్ దాటగానే చేతులు బిగుసుకుపోతున్నాయని అడిగారు. మాదీ కోనసీమే. కొండ అంటూ లేని ఒండ్రు నేల. మన దగ్గర కొబ్బరి దింపు తీసేవాళ్లు జారితే ఆపే తాడు ఉండదు, అది చూస్తూ పెరిగాం. కాబట్టి మీ భయం సహజమే.

లీడ్‌లో లెక్క వేరు. చివరి క్లిప్ మీకు 1 మీటరు కింద ఉంటే పడేది సుమారు 2 మీటర్లు, దానికి తోడు తాడు సాగినంత, వదులున్నంత. డైనమిక్ తాడు సాగుతూ కుదుపును తీసుకుంటుంది.

ఇది తెలిస్తే చాలదు, ఒంటికి అలవాటు కావాలి. కాస్త మన వైపు వాలిన గోడ మీద, నేలకు బాగా ఎత్తులో, అనుభవమున్న బిలేయర్‌కు (కింద తాడు పట్టుకుని, మీరు పడితే ఆపేవారికి) ముందే చెప్పి చేతులు వదలండి. మొదట క్లిప్ నడుము దగ్గర ఉండగా, టెన్షన్ తగ్గాక మోకాలి దగ్గర, ఆ తర్వాతే పాదాల దగ్గర. ఊపిరి వదులుతూ పడండి. తాడు కాలి వెనక ఉంటే మాత్రం వదలొద్దు, తలకిందులవుతారు. హెల్మెట్ తప్పనిసరి.

ఎవరో రెచ్చగొట్టారని ఒక్కసారే పెద్ద ఎత్తు నుంచి పడకండి. దాంతో భయం ఇంకా ముదురుతుంది.