అమెరికాలో కాన్ఫెడరేట్ జెండా ఎగరేయడం నేరమా?

నేరం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండా అది. ఇంటి ముందో, కారు మీదో ఎవరైనా పెట్టుకోవచ్చు. వివాదాల తర్వాత ఆ జెండాను దించింది ప్రభుత్వ స్థలాల్లోనే.

అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ భావ ప్రకటనకు గట్టి రక్షణ ఇస్తుంది. ఒక గుర్తు ఎంతమందిని బాధపెట్టినా, ఆ ఒక్క కారణంతో ప్రభుత్వం దాన్ని నిషేధించడానికి వీల్లేదు. జర్మనీలో నాజీ స్వస్తిక్‌ను బహిరంగంగా ప్రదర్శిస్తే శిక్ష పడుతుంది కాబట్టి అమెరికాలోనూ అంతే అనుకుంటారు, కానీ రెండు దేశాల చట్టాలు వేరు. అయితే ప్రభుత్వ భవనం మీద ఎగిరే జెండా ప్రజలందరి పేరుతో ఎగురుతుంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల యుద్ధ జెండాను, ఆ బానిసల వారసులు పన్నులు కట్టే చోట ఎగరేయడం అన్యాయమన్నదే అసలు అభ్యంతరం. నా దృష్టిలో అది న్యాయమైన అభ్యంతరం.

దక్షిణాది రాష్ట్రమైన సౌత్ కరోలినానే చూడండి. 2015 జూన్‌లో చార్లెస్టన్‌లోని నల్లజాతీయుల చర్చిలో ఒక శ్వేతజాతి దురహంకారి తొమ్మిది మందిని కాల్చి చంపాడు. అతను ఆ జెండా పట్టుకుని దిగిన ఫొటోలు బయటపడ్డాయి. జులైలో శాసనసభ ఆవరణలోంచి దాన్ని తీసేశారు.

అంతర్యుద్ధం నాటి నుంచీ అది అక్కడే ఉందని చాలామంది నమ్మకం. నిజానికి యుద్ధం 1865లోనే ముగిసింది. శాసనసభ గోపురం మీదికి ఆ జెండా ఎక్కింది 1960ల మొదట్లో, నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగుతున్నప్పుడు.